అవ్వ చూసిపెట్టిన నౌకరి

పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే మా బడిలో తడుముకోకుండా జవాబు చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్లు ఒక రోజు పోలీసు అనేవాళ్లు, ఇంకో రోజు డాక్టర్ అనేవాళ్లు. సారు కర్ర పట్టుకుని ఉంటే టీచర్ అని కూడా అనేవాళ్లు. నేను మాత్రం రెండో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒకే మాట మీద ఉన్నాను. రైలు డ్రైవర్. ఆ మాట నా సొంతమని అప్పట్లో నాకు గట్టి నమ్మకం, కొంచెం పొగరు కూడా.

మాది నవీపేట్ పక్కన చిన్న ఊరు. మా ఇంట్లో తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం. ఉన్న పొలంలో సగం వరి, సగం పసుపు. పసుపు చేను గట్టు మీద నిలబడితే గోదావరి వైపు పోయే రైలు కట్ట కనిపిస్తుంది. బండి చప్పుడు వినబడగానే అవ్వ చేతిలో పని ఆపి, "సూడు బిడ్డా, నీ బండొచ్చింది" అనేది. నేను గట్టు మీద నుంచి చేయి ఊపేవాణ్ణి. ఇంజన్లోని మనిషి ఎప్పుడైనా హారన్ కొడితే అది నాకోసమే కొట్టాడని అవ్వా నేనూ ఒప్పేసుకునేవాళ్లం.

ఒకసారి బస్సు డ్రైవర్ స్టీరింగ్ తిప్పడం చూసి మోజుపడి, నేను బస్సు కూడా నడుపుతానన్నాను. ఎన్నడూ గొంతు పెంచని అవ్వ నన్ను కసురుకుంది.

"బస్సు లేదు, లారీ లేదు. రోడ్డు మీద నడిపేది ఏదీ వద్దు."

నేను మూతి ముడుచుకుని కూర్చుంటే కాసేపటికి తనే దగ్గరకు వచ్చి నెమ్మదిగా చెప్పింది. "రోడ్డు మీద వంద అడ్డాలుంటయి బిడ్డా. రైలుకేమున్నది, పట్టాల మీద పోతది. గేటు కాడ అందరు దానికోసం ఆగుతరు. అది ఎవలికోసం ఆగదు."

ఆ మాట నాకెంత నచ్చిందంటే బడిలో వారం రోజులు అందరికీ చెప్పుకుని తిరిగాను. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి రైలు నౌకరికి ఏం చదవాలో, ఏ పరీక్ష రాయాలో కనుక్కుని పెట్టుకున్నాను. ఆదివారాలు సైకిల్ మీద నవీపేట్ స్టేషన్‌కు పోయి ప్లాట్‌ఫారం చివర నిలబడి సిగ్నల్ చూసేవాణ్ణి. కింది దీపం వెలిగితే ఆగాలి, పై దీపం వెలిగితే పోవాలి. కిందిది ఎరుపనీ పైది పచ్చ అనీ పుస్తకంలో ఉంది, నాకూ అలాగే కనిపిస్తుందనుకున్నాను. కనబడదని అనుమానం రావడానికి నాకు వేరే కళ్లు లేవు కదా.

పదో తరగతిలో దసరా సెలవులయ్యాక పిల్లల ఆరోగ్యం చూడటానికి బడికి ఒక బృందం వచ్చింది. బరువు చూశారు, పళ్లు చూశారు, గోడకు అక్షరాల అట్ట తగిలించి చదివించారు. అన్నీ గడగడా చదివేశాను. చివరన ఒక మేడం దగ్గర చుక్కల పుస్తకం ఉంది. పేజీ నిండా రంగురంగుల చుక్కలు, మధ్యలో ఒక అంకె. నా ముందున్నవాడు నా దోస్తు, ఒకే బెంచీ మాది. వాడు డెబ్బై నాలుగు అన్నాడు. నాకు వాడి భుజం మీదుగా ఇరవై ఒకటి కనిపిస్తోంది. వీడికి చదువూ రాదు, చూపూ లేదు అనుకున్నాను. నా వంతు రాగానే తల ఎత్తుకుని ఇరవై ఒకటి అన్నాను.

మేడం పేజీ తిప్పింది. నాకు చుక్కలు తప్ప ఏమీ కనబడలేదు. ఇంకో పేజీ, ఇంకో పేజీ. ఖాళీ పేజీలు పెట్టి మోసం చేసే పరీక్ష కాబోలనుకుని, "ఇందులో ఏమీ లేదు మేడం" అని తెలివిగా నవ్వాను. ఆమె నవ్వలేదు. నా దోస్తును వెనక్కి పిలిచి అవే పేజీలు చూపించింది. వాడు ఆరు, నలభై ఐదు, రెండు అని చదువుకుంటూ పోయాడు. వెనుక ఉన్నవాళ్లు కూడా మెడలు సాచి అవే అంకెలు చెప్పారు.

వీళ్లంతా ముందే కూడబలుక్కున్నారని నాకు ఒళ్లు మండింది. పుస్తకం లాక్కుని దోస్తు ముఖం మీద పెట్టి, "ఒట్టు పెట్టు, ఇండ్ల అంకె ఉన్నదా" అన్నాను. వాడు వాళ్ల అవ్వ మీద ఒట్టు పెట్టాడు. ప్రతిదానికీ పళ్లు ఇకిలించేవాడు, ఆ రోజు నవ్వలేదు. వాడు నవ్వకపోవడం చూశాక పుస్తకం మేడంకు ఇచ్చేశాను.

"ఎరుపుకూ పచ్చకూ తేడా తెలియడం లేదు, పెద్ద డాక్టరుకు చూపించండి" అని మేడం చీటీ రాసిచ్చింది. మధ్యాహ్నమంతా క్లాసు పిల్లలు ఒక్కొక్కటి తెచ్చి, ఇదేం రంగు, ఇదేం రంగు అని అడిగారు. నేను చెప్పిన ప్రతిదానికీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంటికి సైకిల్ మీద వస్తూ దారిలో తుమ్మ చెట్లను, కరెంటు స్తంభాలను, దుకాణాల బోర్డులను పట్టిపట్టి చూశాను. పదిహేనేళ్లుగా చూస్తున్న ఊరే. ఇందులో నేను చూడనిది ఎంత ఉందో అర్థం కాక భయమేసింది.

బాపు చీటీ చూసి, "ఫోన్ సూసి సూసి చూపు దిగింది" అని తేల్చేశాడు. మునగాకు కూర వండమన్నాడు. గాజరగడ్డలు, అంటే క్యారెట్లు, కిలోలకు కిలోలు తెచ్చాడు. నెల రోజులు పొద్దున ఒకటి, మాపున ఒకటి కరకర నమిలాను, నమిలిన ప్రతిసారీ గోడ మీద క్యాలెండర్ చూసి ఏమైనా మారిందా అని వెతికాను. అవ్వ మాత్రం ఒకే మాట అంది.

"మంచిగనే సూస్తుండు గద. డాక్టర్ కాడికి ఎందుకు?"

నేను రైలు నౌకరి పరీక్షలో కళ్లు చూస్తారని చెప్పి పట్టుబట్టాను. ముగ్గురం నిజామాబాద్ పోయాం.

కళ్ల డాక్టర్ పెద్దాయన, నిదానస్తుడు. నా కళ్లలో లైటు కొట్టి చూశాడు, మళ్లీ అదే చుక్కల పుస్తకం చూపించాడు. చూపు శుభ్రంగా ఉందన్నాడు. రంగులు గుర్తుపట్టడంలోనే తేడా ఉందనీ, అది పుట్టుకతోనే వస్తుందనీ, దానికి మందూ లేదు అద్దాలూ లేవనీ చెప్పాడు. బాపుకు నచ్చలేదు.

"మా దిక్కు ఎవలికీ లేదు సార్."

"మీ వైపు నుంచి రాదయ్యా. తల్లి నుంచి వస్తుంది. అమ్మా, మీ నాయనకు గానీ, మీ అన్నదమ్ములకు గానీ ఇట్లా ఉందా?"

అవ్వ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. బాపు విసుక్కుని, "లేదని చెప్పు" అన్నాడు.

"ఉండె సార్" అంది అవ్వ. "మా బాపుకుండె. వీనికున్నదని గూడ నాకెర్కే. వీనికి అయిదేండ్లున్నప్పుడు గాజులు ముంగటేసి ఎర్రయి ఏరుమన్న. పచ్చయి గూడ కలిపి ఏరిండు."

నేను అవ్వ వైపు తిరిగి చూశాను. నా ముందు కూర్చున్నది ఎవరో అనిపించింది. అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది. చిన్న క్లాసులో నా స్కెచ్ పెన్నులకు అవ్వ దారం చుట్టి ఇచ్చేది, ఎర్ర దానికి ఒక చుట్టు, పచ్చ దానికి రెండు చుట్లు. వేరేవాళ్లు ఎత్తుకుపోకుండా గుర్తు అని చెప్పింది. గట్టు వెంట వేసిన మిర్చిలో పండినవి ఏరడానికి మా అక్కను పంపేది గానీ నన్ను పంపేది కాదు. అక్క ఏడ్చి గొడవ చేసినా నాకు నీళ్లు మోసే పనే చెప్పేది. నా మీద ప్రేమ ఎక్కువ అనుకుని అక్క ముందు మీసం లేని మూతికి మీసం తిప్పాను. ఇక పసుపు కొమ్ము ఎండిందా లేదా అన్నది మా ఇంట్లో విరిచి, చప్పుడు విని చెప్తాం, అదీ అవ్వ నేర్పిందే. ఆ పనిలో నన్ను మించినవాడు లేడని బాపు ఊరంతా చెప్పుకునేవాడు. పసుపు పండించే ఇంట్లో పుట్టి, రంగుల తేడా తెలియదన్న సంగతే తెలియకుండా పదిహేనేళ్లు బతికానంటే, దానికి ఈమె కారణం.

డాక్టర్ మాట మార్చడానికి కాబోలు, ఏం చదవాలనుకుంటున్నావని నన్ను అడిగాడు. చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అదొక్కటి కుదరదు బాబు. రైలు నడిపేవాడికి అన్నిటికంటే ముందు చూసేదే ఇది. సిగ్నల్ ఎరుపో పచ్చో తెలియకపోతే బండి ఇవ్వరు."

చుక్కల పుస్తకం చూసిన రోజు నుంచీ ఆ మాట వినాల్సి వస్తుందని నాకు లోపల తెలుసు. అయినా విన్నప్పుడు చెంప మీద కొట్టినట్టే ఉంది. ఆ దెబ్బ తగ్గకముందే అవ్వ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"రైలుకు సిగ్నల్ ఎందుకు సార్?" అంది. "అది పట్టాల మీద పోతది గద."

డాక్టర్ ఆమె హాస్యమాడుతోందనుకుని నవ్వబోయి, ముఖం చూసి ఆగిపోయాడు.

"గేటు కాడ ఎర్ర లైటుంటది సార్, నాకెర్కే. అది మనకు గద. మనం ఆగేటందుకు. రైలుకు గాదు గద."

డాక్టర్ ఓపికగా చెప్పాడు. రైలుకు కూడా దీపాలు ఉంటాయనీ, అవి చూసే బండి ఆగుతుందనీ, పోతుందనీ. అవ్వ మళ్లీ అడిగింది. మాట మార్చి ఇంకోసారి అడిగింది. మూడోసారి ఆయన అవునమ్మా అన్నాక మెల్లగా కూర్చుంది. అందరికీ కనబడిన అంకెలు నాకు కనబడనప్పుడు నా ముఖం ఎలా ఉందో నేను చూడలేదు. బహుశా అప్పటి అవ్వ ముఖం లాగే ఉండి ఉంటుంది.

బయటికొచ్చి బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో కూర్చున్నాం. బాపు ఆమె మీద విరుచుకుపడ్డాడు. "ఇంట్ల మనిషికి గూడ చెప్పకుంట పదేండ్లు దాస్తవా? ఏం మనిషివే నువ్వు?" చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేదు. అవ్వ చాయ్ ముట్టకుండా వాళ్ల బాపు సంగతి చెప్పింది.

అవ్వ పుట్టిల్లు బోధన్ పక్క ఊరు. తాత చెరుకు ట్రాక్టర్ నడిపేవాడు. ఒక పొద్దున నిజామాబాద్ చౌరస్తాలో సైకిల్ మీద పోయే మనిషిని గుద్దాడు, ఆ మనిషి కాలు విరిగింది. తాత తాగి నడిపాడన్నారు. నేను కూడా చిన్నప్పటి నుంచీ అదే విన్నాను. ఆ తర్వాత ఆయన ఏ బండీ ముట్టలేదు, నేను మూడో తరగతిలో ఉండగా చనిపోయాడు.

"మా బాపు సుక్క ముట్టలే" అంది అవ్వ. "లైటు కాడ ముంగట బండి పోతే పోయేటోడు, ఆగితే ఆగేటోడు. గా దినం ముంగట బండి లేకుండె. ఎండ కండ్లల్ల కొడుతుండె. ఏ లైటు ఎలిగిందో తెల్వలే. తాగినోడంటే రేపు మానేస్తడనుకుంటరు. కండ్లల్ల లోపమంటే పిల్లలకు గూడ ఉంటదంటరని అందరితోని తాగిన్ననే ఒప్పుకున్నడు. నాకొక్కదానికే చెప్పిండు."

తర్వాత నా వైపు తిరిగింది.

"వీనికున్నదని తెలిసిన కాన్నుంచి ఏ నౌకరి మంచిగుంటదని ఎతికిన. లారీ వద్దు, బస్సు వద్దు. కరెంటు పనిల రంగు వైర్లుంటయి, గదీ వద్దు. రైలొక్కటే మంచిగనిపిచ్చింది. ఎవలనన్న అడుగుదామంటే ఎందుకడుగుతున్నవంటరు. గందుకే అడగలే."

నేను విన్నది నమ్మలేకపోయాను. ఈ కోరిక నాదనుకున్నాను. గట్టు మీద నిలబడి చేయి ఊపింది నేనే, స్టేషన్‌కు సైకిల్ తొక్కింది నేనే. కానీ దాన్ని ఏరి తెచ్చి నా చేతిలో పెట్టింది ఈమె. అదీ లోకంలో ఉన్న నౌకరీలన్నింటిలో నేను చేయకూడనిదాన్ని, నాకు మంచి జరగాలని. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపమే వచ్చింది.

"నా బతుకు ఆగం చేసినవ్" అన్నాను.

అప్పటి నుంచి పరీక్షలయ్యేదాకా అవ్వతో సరిగా మాట్లాడలేదు. అడిగినదానికి ఆ, ఊ అనేవాణ్ణి. ఆమె తప్పైందని ఒక్కసారి అంటే చాలని ఎదురుచూసేవాణ్ణి, అంటే ఏం చేసేవాణ్ణో నాకూ తెలియదు. చేలో ఉండగా రైలు పోతే ఆమె తల ఎత్తడం మానేసింది. బాపు వ్యవసాయ డిప్లొమా అన్నాడు, లెక్కల సారు ఎంపీసీ అన్నాడు, పక్కింటాయన చదువే దండగ అన్నాడు. ఊళ్లో ప్రతివాడికీ నా మీద ఒక అభిప్రాయం ఉంది. నేను మాత్రం ఏదీ ఒప్పుకోలేదు, ఏదీ కాదనలేదు. ఎక్కడో ఒక మందు దొరుకుతుందని, డాక్టర్ పొరపాటు పడ్డాడని, పరీక్ష రోజు ఎవరో చూసీచూడనట్టు వదిలేస్తారని నాలో నేను లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. రైలు నడపనన్న మాట నా నోటి నుంచి ఎవరితోనూ అనలేదు.

మార్కులు మంచిగానే వచ్చాయి. కాలేజీలో చేరడానికి నిజామాబాద్ పోవాల్సిన రోజు బాపుకు పని పడి, అవ్వ నాతో బయల్దేరింది. బస్సు మా ఊరి ముందే ఆగుతుంది. అయినా రైల్లో పోదామంది. ఎందుకని అడగలేదు, ఆటోలో నవీపేట్ స్టేషన్‌కు పోయాం.

టికెట్ తీసుకుని వచ్చేసరికి అవ్వ ప్లాట్‌ఫారం చివరికంటా నడిచిపోయి సిగ్నల్ స్తంభం వైపు చూస్తూ నిలబడి ఉంది. ఎండకు చేయి అడ్డం పెట్టుకుంది. నేను పోయి పక్కన నిలబడ్డాను. చాలాసేపటికి కింది దీపం ఆరి పైది వెలిగింది.

"ఇప్పుడు పచ్చయింది" అంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమె నాకు ఒక రంగు పేరు నేరుగా చెప్పడం అదే మొదటిసారి.

ప్యాసింజరు వచ్చి ఆగింది. ఇంజన్ సరిగ్గా మా ముందు ఆగింది. అవ్వ కిటికీలోకి పట్టిపట్టి చూసింది.

"ఇండ్ల ఇద్దరున్నరు గద."

"ఉంటరు."

"ఒకలు నడుపుతరు. ఇంకొకలేం జేస్తరు?"

"సిగ్నల్ సూసి చెప్తరు" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

అవ్వ ముఖం విప్పారింది. నా రెక్క పట్టుకుంది. "మరి గది నేను చెప్తగద బిడ్డా. ఇన్నేండ్ల సంది నీకు తెల్వకుంట నేనే చెప్తున్న గద. నువ్వు నడుపు. గా రెండో సీటు నాకియ్యరా?"

తమాషాకు అనలేదు. పొలం తప్ప ఇంకో పని ఎరగని మనిషి, ముఖంలో ఎక్కడా నవ్వు లేకుండా, వెళ్లి అడిగితే ఇస్తారేమో అన్నట్టు అడిగింది. ఇంజన్లోని మనిషి మా వైపు చూస్తున్నాడు. ఆరు నెలలు దాచుకున్న కోపం ఎటు పోయిందో తెలియదు.

"ఇయ్యరవ్వా. ఇద్దరికీ కనబడాలె. ఒకలు సూసింది ఇంకొకలు గూడ సూసి చెప్పాలె." ఊపిరి తీసుకుని మిగతాది కూడా అనేశాను. "నాకు రైలు నౌకరి రాదు."

ఆ మాట నా చెవులతో నేను వినడం అదే మొదలు. అవ్వ నా రెక్క వదల్లేదు, అలాగే పట్టుకుని డబ్బా ఎక్కించింది.

కాలేజీలో పెద్ద లైను ఉంది. మా వంతు వచ్చింది. గుమస్తా ఫారం నా వైపు తోసి, ఏ గ్రూపో రాయమన్నాడు. నేను పెన్ను మూత తీశాను. అవ్వ నన్ను పక్కకు జరిపి కిటికీలోకి వంగింది. బ్యాంకులోనూ రేషన్ దుకాణంలోనూ బాపు వెనుక నిలబడే మనిషి, అంత మందిలో అందరికీ వినబడేలా మాట్లాడింది.

"సార్, మా పిలగానికి ఎర్ర, పచ్చ తేడా తెల్వది. పుట్టుకతోని గంతే. ఏది సదివితే గది అడ్డం రాదో జెర చెప్పున్రి."

నా వెనుక ఉన్న పిల్లలంతా నా వైపు తిరిగారు. చెవులు కాలిపోయాయి, ఆ క్షణాన నేలలోకి కుంగిపోతే బాగుండనిపించింది. గుమస్తా రాస్తున్న చేయి ఆపి ఆమెను చూశాడు, నన్ను చూశాడు, తర్వాత లోపలి నుంచి ఒక లెక్చరర్‌ను పిలిచాడు. అవ్వ ఆయనకు మొదటి నుంచి మళ్లీ చెప్పింది. ఎంపీసీ తీసుకుంటే ఏమేమి కావచ్చని అడిగింది. అందులో ఎక్కడెక్కడ రంగుతో పని పడుతుందని అడిగింది. మందుల దుకాణం పని అయితే ఎట్లా, బ్యాంకు అయితే ఎట్లా, బడిలో సారైతే ఎట్లా అని ఒక్కొక్కటే అడిగింది. ఆయన చెప్పినవి కాగితం మీద రాసిమ్మంది. లైనులో ఎవరో గొణిగారు, ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. పదేళ్లు ఎవరినీ ఒక్క మాట అడగలేక కడుపులో దాచుకున్న మనిషి అడుగుతూ పోతుంటే, నేను మూత తీసిన పెన్ను పట్టుకుని పక్కన నిలబడి విన్నాను.